వెలుగూ మసీ: దీపశిఖ చరిత్ర

పూర్వము మన ఇండ్లలో కాటుక అంగడిలో కొనెడి వస్తువు కాదు. ఆముదపు దీపము వెలిగించి, దానికి కొంచెము ఎత్తున రాగిపళ్ళెమో, ఇత్తడి గిన్నెయో బోర్లించి రాత్రి అంతయు విడిచెడివారు. తెల్లవారునప్పటికి పళ్ళెము లోపలివైపున మెత్తని నల్లని పొడి దట్టముగా పేరుకొని ఉండెడిది. దానిని వెన్నతోనో, ఆముదముతోనో రంగరించినచో కాటుక సిద్ధమయ్యెడిది.

ఈ పనిలో ఒక వింత ఉన్నది. వత్తి తెల్లనిది. ఆముదము లేత పసుపువన్నెది. మంట బంగారువన్నెతో వెలుగుచున్నది. ఇన్నింటిలో ఎక్కడను లేని నలుపు పళ్ళెమునకు ఎట్లు పట్టినది? మంటలో దాగి ఉన్నదందుమా, అంత వెలుగులో అంత నలుపు దాగుట ఎట్లు? దాగి లేదందుమా, మరి వచ్చినది ఎక్కడినుండి?

ఆ నలుపునకు మనము ఋణపడి ఉన్నాము. తాటాకుపై గంటముతో వ్రాసిన అక్షరము వ్రాసినంతనే కంటికి ఆనదు. అది ఒట్టి గీటు మాత్రమే. దానిపై మసి పూసి తుడిచినప్పుడు గీటులో మసి నిలిచి అక్షరము పైకి తేలును. అచ్చుయంత్రము రాకముందు కొన్ని శతాబ్దుల తెలుగు వాఙ్మయము చదువరుల కంటికి కనబడినది ఆ మసి చలువ వలననే. అయితే అక్షరమును నిలిపిన ఆ మసియే మరికొన్ని చోట్ల మనుష్యుల ఊపిరిని నిలిపివేసినది. మంటలోని వెలుగు, మంటనుండి వెడలిన మసి వేరువేరు వస్తువులు కావు. ఒకే వస్తువునకు రెండు దశలు. ఈ ఒక్క సంగతిని తెలిసికొనుటయే దీపశిఖ చరిత్ర. ఆ తెలివిడి వచ్చిన పిదప కూడ దానిని ఆచరణలో పెట్టుటలో జరిగిన ఆలస్యమునకు లోకము ప్రాణములతో వెల చెల్లించినది.

ఈ ప్రశ్నను పట్టి విడువక విచారించిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది. కారణము స్పష్టమే. పదునెనిమిదవ శతాబ్ది చివరినాటికి ఆ దేశము బొగ్గుతో వంట చేసికొని, బొగ్గుతో చలి కాచుకొని, బొగ్గుతో యంత్రములు నడపుకొనుచుండెను. బొగ్గు తవ్వెడి చోట మంట భయము. బొగ్గు కాల్చెడి చోట మసి భయము.

మసిని మొదట అదుపులో పెట్టినవాడు మాత్రము ఇంగ్లీషువాడు కాడు, జినీవా నగరమువాడు. 1780ల ప్రాంతమున అమీ ఆర్గాన్ అను నతడు ఒక క్రొత్త దీపమును కల్పించినాడు. అంతవరకు వత్తి అనగా త్రాడువలె గట్టిగా పేనినది. దాని మంట నడుమకు గాలి చేరదు. ఆర్గాన్ వత్తిని గొట్టమువలె గుండ్రముగా, లోపల బోలుగా చేసినాడు. గాలి మంట వెలుపలినుండియే కాక లోపలినుండియు అందినది. మంటచుట్టు గాజు చిమ్నీ నిలిపినప్పుడు గాలి ఈడ్పు పెరిగినది. పొగ తగ్గినది; వెలుగు అనేక రెట్లయినది. మసి అనునది నూనెలోని దోషము కాదు, గాలి కొరత వలన కలిగెడి లోపమని ఈ దీపము చేతలలో చూపినది. కాని ఎందువలన అట్లగునో ఆర్గాన్ చెప్పలేదు. ఆ సంగతి బయటపడుటకు ఒక ఘోరము జరుగవలసి వచ్చినది.

1812 మే 25వ తేదీన ఇంగ్లండు ఈశాన్యభాగములోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 92 మంది మరణించిరి. వారిలో అనేకులు పసివారు. గనులలో ఊరెడి మీథేను వాయువు గాలితో కలిసి, పనివాండ్ర చేతిదీపము తగిలి అంటుకొనుటయే దానికి కారణము. దీపము లేనిదే గనిలో పని లేదు. దీపమున్నచో ప్రాణము లేదు. ఈ సంకటమును తప్పింపుమని ఆ ప్రాంతపువారు 1815లో సర్ హంఫ్రీ డేవీని అర్థించినారు. ఆయన అప్పటికే జగత్ప్రసిద్ధుడైన రసాయన శాస్త్రవేత్త. ఇరుకైన గొట్టములగుండ మంట ప్రాకజాలదని ఆయన కనుగొన్నాడు. లోహము వేడిని లాగివేయుటచే మంట మధ్యదారిలోనే ఆరిపోవును. సన్నని తీగల వల అనగా అట్టి ఇరుకు గొట్టములు వేలకొలది ప్రక్కప్రక్కన పేర్చినట్లే. చదరపు అంగుళమునకు 784 రంధ్రములు గల వలను దీపము చుట్టు చుట్టినప్పుడు వెలుగు బయటికి వచ్చినది, మంట రాలేదు. 1816లో గనులలో పరీక్షించి చూచినారు. డేవీ దానికి పేటెంటు పుచ్చుకొనలేదు. అదే కాలమున జార్జి స్టీఫెన్సన్ కూడ వేరుగా ఒక రక్షణదీపమును చేసినాడు. ఎవరు ముందను వివాదము చాలకాలము నడచినది.

రక్షణదీపము వచ్చినంతనే గనులలో మరణములు ఆగిపోలేదు. ఆ దీపమున్నదను ధైర్యముతో యజమానులు అంతకుముందు విడిచిపెట్టిన ప్రమాదకరమైన లోతులకు కూడ పనివాండ్రను దింపినారు. వల తుప్పుపట్టి చిరిగినను, వేడెక్కి ఎఱ్ఱబారినను రక్షణ ఉండెడిది కాదు. శాస్త్రము ఇచ్చిన రక్షణను లోభము మింగివేయుట చరిత్రలో అదియే మొదలు కాదు, తుది కాదు.

అయితే ఆ దీపమే డేవీకి మరొక రహస్యము చెప్పినది. బొగ్గుగ్యాసును ముందే గాలితో కలిపి వల లోపల కాల్చినప్పుడు మంట వెలవెలబోవుచు నీలిరంగుగా ఉండెను. అదే గ్యాసు విడిగా గొట్టమునుండి వెలువడి గాలిలో కాలినప్పుడు మిరుమిట్లు గొలుపు కాంతి వచ్చెను. ఇంధనము ఒక్కటే, కాని వెలుగులో ఇంత భేదము! మంటలో తీగల వలను వేర్వేరు చోట్ల ఉంచి చూచినాడు. కాంతి మెండుగా ఉన్నచోట వలకు మసి పట్టినది. నీలిరంగుగా ఉన్నచోట పట్టలేదు. 1817లో ప్రచురించిన పరిశోధనలలో డేవీ ఇట్లు తేల్చినాడు: మంట లోపల గాలి కొరవడిన చోట ఇంధనము విచ్ఛిన్నమై ఘనరూపమైన కర్బనము పుట్టుచున్నది; ఆ రేణువులు ఎఱ్ఱగా, పసుపుగా కాలి మెరయుటయే దీపకాంతి; మంట అంచునకు చేరి గాలి తగిలినప్పుడు అవి కాలిపోవును. పళ్ళెమును అడ్డుపెట్టి మనవారు కాటుక పట్టుచున్నప్పుడు, కాలిపోవలసిన ఆ రేణువులనే మధ్యలో దొంగిలించుచుండిరన్నమాట.

ఈ పరిశోధనలో డేవీకి తోడ్పడిన యువకుడు మైకేల్ ఫారడే. పుస్తకముల జిల్దుకట్టెడి వాని దగ్గర పని నేర్చుకొన్న బీదవాడు. 1813లో డేవీ వద్ద సహాయకుడుగా చేరినాడు. తరువాతి కాలమున గురువును మించినాడు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మసు సెలవులకు బాలబాలికల కోసము ప్రసంగములు చేయించెడివారు. 1848లోను, మరల 1860-61లోను ఫారడే ఒక్క కొవ్వొత్తిని విషయముగా తీసికొని ఆరు ప్రసంగములు చేసినాడు. రెండవమారు చేసినవి 1861లో పుస్తకరూపమున వెలువడి నేటికిని చదువబడుచున్నవి.

ఆ ప్రసంగములలో ఒక ప్రయోగము మరపురానిది. ప్రకాశవంతమైన విద్యుద్దీపము ముందు కొవ్వొత్తిని వెలిగించి, దాని నీడను తెరపై పడనిచ్చినాడు. మంటకు నీడ! మంటలో అన్నింటికంటె ప్రకాశించు భాగమే తెరపై అన్నింటికంటె చిక్కని నీడగా పడినది. వెలుగునిచ్చు చోటనే వెలుగును అడ్డగించు ఘనరేణువులు ఉన్నవనుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము ఏమి కావలెను? డేవీ వ్రాసిన మాటను ఫారడే పిల్లల కండ్లకు కట్టినాడు.

ఫారడే ఈ కథలో మరొక పాత్ర కూడ వహించినాడు. అది ఎంత ముఖ్యమైనదో ఆయన జీవితకాలమున తెలియలేదు. ఆ రోజులలో లండనులో నూనెనుండి తీసిన గ్యాసును గట్టిగా అదిమి పాత్రలలో నింపి ఇండ్లకు అమ్మెడివారు. ఆ పాత్రల అడుగున ఒక ద్రవము మిగిలెడిది. 1825లో ఫారడే దానిని పరీక్షించి అందులోనుండి ఒక క్రొత్త పదార్థమును వేరుచేసినాడు. అదే నేడు మనము బెంజీను అనుచున్నది. ఆరు కర్బన పరమాణువులు చేయిచేయి పట్టుకొని వలయముగా నిలిచిన నిర్మాణము దానిదని జర్మను శాస్త్రవేత్త కెకూలె 1865లో ప్రతిపాదించినాడు. దీపపు గ్యాసు అడుగున దొరికిన ఈ వలయమే మసి పుట్టుకకు తాళపుచెవి అగునని నాడు ఎవరు ఊహింపగలరు?

డేవీ మతమునకు ఎదురు లేకపోలేదు. ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ అను రసాయన శాస్త్రవేత్త 1859లో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండల్‌తో కలిసి ఆల్ప్స్ పర్వతములలోని మోం బ్లాం శిఖరముపై ఒక రాత్రి గడపినాడు. వారు కొవ్వొత్తులు కూడ తీసికొనిపోయిరి. శిఖరముపై గాలి పలుచన. అయినను కొవ్వొత్తి కరగిపోవు వేగము క్రింద లోయలో ఎంతయో ఇంచుమించు అంతయే ఉన్నది. వెలుగు మాత్రము చాల తగ్గినది. దీనినిబట్టియు, ఉదజని వాయువును అధిక పీడనమున కాల్చినప్పుడు కర్బనము లేకుండనే కాంతి వచ్చుటను బట్టియు, దీపకాంతికి దట్టమైన వాయువులే చాలును, ఘనరేణువులు అక్కరలేదని ఫ్రాంక్‌లాండ్ వాదించినాడు. వాదము బలమైనదే. కాని దీపపు మంటపై సూర్యకాంతిని ప్రసరింపజేసినప్పుడు మంటనుండి చెదరివచ్చిన వెలుగు, ధూళి నుండి చెదరివచ్చు వెలుగువలెనే ఒక ప్రత్యేక లక్షణమును చూపినది. కేవల వాయువులకు అంతటి లక్షణముండదు. డేవీ మాట నిలిచినది. ఫ్రాంక్‌లాండ్ శ్రమయు వృథా కాలేదు. పీడనము పెరిగిన కొలది మంటలో మసి హెచ్చునను సంగతి నేటి డీజిల్ యంత్రములవరకు వర్తించును.

విద్వాంసులు ఇట్లు వాదించుకొనుచుండగా మసి తన పని తాను చేసికొనిపోవుచుండెను. లండను ఇండ్ల పొగగొట్టములు ఇరుకైనవి, వంకరలు తిరిగినవి. వాటిని తుడుచుటకు పసిపిల్లలను లోపలికి ఎక్కించెడివారు. చర్మమునకు పట్టిన మసి ఏండ్లతరబడి వదలెడిది కాదు. 1775లో పెర్సివల్ పాట్ అను లండను శస్త్రవైద్యుడు, ఈ పనిచేసి పెరిగినవారికి మర్మావయవముల చర్మమున ఒక విధమైన పుట్టకురుపు వచ్చుచున్నదని, దానికి మసియే కారణమని వ్రాసినాడు. ఒక వృత్తి వలన పుట్టకురుపు కలుగునని వైద్యశాస్త్రము గుర్తించుట అదియే మొదలు. అటుపై శాసనములు వచ్చినవి: 1788లో ఒకటి, 1834లో ఒకటి, 1840లో ఒకటి, 1864లో ఒకటి. చేయించువారు లేక అవి కాగితముపైననే ఉండిపోయినవి. 1875లో జార్జి బ్రూస్టర్ అను బాలుడు కేంబ్రిడ్జి సమీపమున ఒక ఆసుపత్రి పొగగొట్టములో చిక్కుకొని మరణించిన తరువాతనే గట్టి శాసనము వచ్చి, పిల్లలను పొగగొట్టములలోనికి ఎక్కించుట నిలిచిపోయినది. పాట్ హెచ్చరికకు, పిల్లల విముక్తికి నడుమ సరిగా నూరేండ్లు. ఆ మసిలో పుట్టకురుపు కలిగించునది ఏదియో 1930లలో తేలినది: అనేక బెంజీను వలయములు అతుకుకొనిన ఒక పదార్థమును 1933లో తారునుండి వేరుచేసినారు. ఫారడే వలయము ఇక్కడ మరల కనబడినది.

ఇంతవరకు మంటను మనము కదలని వస్తువుగా తలచి మాట్లాడినాము. కాని మంట నిలుకడలేనిది. దాని చాంచల్యమునకును మసికిని దగ్గరి సంబంధమున్నది. 1858లో అమెరికాలో జాన్ లెకాంట్ అను ఆచార్యుడు ఒక సంగీతపు విందులో కూర్చుండి ఉండగా, గోడకున్న గ్యాసుదీపపు మంట సెల్లో వాద్యపు కంపితస్వరములకు తాళము తప్పక ఎగసిపడుట గమనించినాడు. చెవిటివాడైనను ఆ మంటను చూచి స్వరము తెలిసికొనవచ్చునన్నట్లుండెను. గ్యాసు ధార చెదరిపోవుటకు సిద్ధముగా, తెగుటకు ఒక్క పోగు మిగిలిన త్రాడువలె ఉన్నప్పుడు చిన్న శబ్దము కూడ దానిని కదల్పగలదని తరువాత టిండల్ విస్తారముగా నిరూపించినాడు.

శబ్దము లేకున్నను మంట తనంతట తాను ఆడును. వేడి వాయువులు పైకెగయునప్పుడు చుట్టునున్న చల్లని గాలితో రాసికొని సుడులు పుట్టును. చిన్న గ్యాసుమంటలు సెకనుకు సుమారు 10 నుండి 12 మారులు ఇట్లు కంపించును. మంట వెడల్పయిన కొలది కంపనము నెమ్మదించును. ఒక మీటరు వెడల్పున కాలు నూనెమంట సెకనుకు ఒకటి రెండు మారులు మాత్రమే ఎగసిపడును. కంపించు మంటలో గాలి అందని ముద్దలు వేడిలో ఎక్కువసేపు చిక్కువడి ఉండును. కనుక ఇంధనము అంతే అయినను నిలుకడగా కాలు మంటకంటె వీటిలో మసి కొన్ని రెట్లు హెచ్చని అమెరికాలో 1990లలో జరిగిన కొలతలు చూపినవి. కిటికీగాలికి రెపరెపలాడు లాంతరు చిమ్నీ త్వరగా నల్లబడునని మన ఇంటి ఆడవారు ఏ కొలతలు లేకయే ఎరుగుదురు.

ఇంతకంటె సూక్ష్మమైన అస్థిరత మరొకటి ఉన్నది. 1855లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో బున్సెన్ ప్రయోగశాలకై ఒక బర్నరు తయారయినది. గ్యాసు మంట చేరకముందే ప్రక్క రంధ్రముగుండ గాలిని పీల్చి కలుపుకొనుట దాని విశేషము. మంట నీలిరంగున, మసిలేకుండ కాలును. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఆచార్యుడుగా ఉన్న ఆర్థర్ స్మితెల్స్ ఇట్టి మంటను శోధించుచు 1892లో ఒక విచిత్రమును వర్ణించినాడు. గాలి తగ్గించి ఇంధనపు ఆవిరి పాలు హెచ్చించినప్పుడు నున్నని శంఖాకారపు మంట ఉన్నట్లుండి పలకలు తీరినది! రేకులు విచ్చిన పువ్వువలె కొన్ని ముఖములుగా విడిపోయినది. ఒక్కొక్కమారు ఆ పువ్వు గిరగిర తిరిగినది. ఎవరును దానిని కదల్చలేదు. మంట తనంతట తానే ముక్కలయినది.

దీని కారణము తేలుటకు మరి అరువదేండ్లు దాదాపు పట్టినది. 1938లో ఫ్రాన్సులో డారియూ, 1944లో రష్యాలో లాండౌ, వేరువేరుగా ఒక లెక్క తేల్చినారు: కాలిన వాయువు వ్యాకోచించుట వలన, చదునుగా ఉన్న ఏ మంట అయినను స్వభావతః ముడుతలు పడవలసినదే. 1949లో మార్క్‌స్టీన్ అమెరికాలో గొట్టములలో కాలు ప్రొపేను మంటలు తేనెపట్టు గదులవలె విడిపోవుటను వర్ణించినాడు. గాలి కొరవడిన మంటలో ఆమ్లజని అరుదైన సరకు. ప్రొపేనువంటి బరువు ఇంధనముకంటె ఆమ్లజని తేలిక. కనుక వేగముగా వ్యాపించును. మంటలో ముందుకు ఉబ్బిన భాగము చుట్టుప్రక్కల ఆమ్లజనిని తనవైపు లాగికొని మరింత వేడెక్కి మరింత ముందుకు పోవును. వెనుకబడిన మడతలకు ఆమ్లజని దక్కదు. అవి చల్లబడి నల్లని గీతలవలె కనబడును. ఆ మడతలనుండియే మసి సన్నని పసుపు నాడాలుగా వెలువడును. ఉన్నవానికే మరింత చేరుట, లేనివానికి ఉన్నదియు పోవుట లోకములోనే కాక మంటలోను జరుగుచున్నదన్నమాట.

ఇక ఆ మడతలలో మసిరేణువు పుట్టు విధమును నేటి శాస్త్రజ్ఞులు ఇట్లు చెప్పుదురు. గాలి చాలని వేడిలో ఇంధనపు అణువులు తెగి చిన్న తునకలగును. వాటిలో ముఖ్యమైనది ఎసిటిలీను. ఈ తునకలు కలిసి ఆరు కర్బనముల వలయము, అనగా ఫారడే కనుగొన్న బెంజీను వలయము ఏర్పడును. దాని అంచున ఎసిటిలీను అతుకుకొని రెండవ వలయము, మూడవ వలయము, ఇట్లు అల్లిక సాగును. ఆ పలకలు ఒకదానితో నొకటి అంటుకొని చిన్న గోళములగును. ఒక్కొక్క గోళము మిల్లీమీటరులో పదిలక్షవ వంతును ఒక పాలుగా తీసికొన్నచో ఇరువది మొదలు ఏబది పాళ్ళుండును. అవి ముత్యాల సరములవలె గొలుసులు కట్టును. సెకనులో నూరవవంతు గడచునప్పటికి ఈ కథ చాలవరకు ముగియును. అటుపై పోటీ ఒక్కటే: మంట అంచునకు చేరి, తగినంత వేడిలో ఆమ్లజని దొరికినచో గొలుసు కాలి అదృశ్యమగును; దొరకకున్నచో, లేక ముందే చల్లబడినచో, పొగ అగును. మంచి కొవ్వొత్తి మసిని పుట్టించి, దానిచేత వెలుగు ఇప్పించి, విడువక తానే దహించివేయును. చెడ్డ పొయ్యి పుట్టించి విడిచిపెట్టును.

అట్లు విడిచిపెట్టిన మసి ఏమి చేయగలదో 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండను చూచినది. గాలి కదలిక నిలిచి, లక్షలకొలది పొయ్యిల బొగ్గుపొగ, గంధకపు వాయువు, పొగమంచు కలిసి నగరముపై మూతవలె పడినవి. పగలే దారి కనబడలేదు. నాలుగు వేలమంది మరణించిరని నాడు లెక్కవేసినారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పన్నెండు వేలవరకు ఉండవచ్చునన్నారు. 1956లో గాలిని శుభ్రముగా ఉంచు శాసనము వచ్చినది. డేవీ పరిశోధనకు అప్పటికి నూటముప్పది తొమ్మిదేండ్లు.

మంటకు మసి అవిభాజ్యమా అను ప్రశ్నకు ఆకాశమునుండి ఒక చక్కని సమాధానము వచ్చినది. 1992లో అమెరికా అంతరిక్షనౌకలో కొవ్వొత్తిని వెలిగించినారు. అక్కడ బరువు లేదు. కనుక వేడిగాలి పైకి పోదు, మంట కొసదేరదు. శిఖ అర్ధగోళముగా నిలిచి, కొద్ది సేపటికి పసుపు పోయి మసకనీలముగా మారినది. మనము దీపశిఖ అని తలచుకొను కొసదేరిన పసుపు రూపమంతయు భూమి ఆకర్షణచే కలిగిన గాలి ఈడ్పుయొక్క చిత్రమే. గాలి వచ్చు విధమును మార్చినచో మంట మారును. ఇందులో వేదాంతము లేదు, ఆచరణమున్నది.

ఆ ఆచరణము నేటికిని కావలసియున్నది. పొగపొయ్యిల వలన ఇంటిలోని గాలి చెడి, 2020 సంవత్సరములో ప్రపంచమున 32 లక్షలమంది అకాలమరణము పొందినారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో ఐదేండ్లలోపు పిల్లలే రెండు లక్షలకు పైబడినవారు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడపునది స్త్రీలు, వారి చంకలోని పసివారు. పొగగొట్టమెక్కిన లండను బాలునికిని, పొగపొయ్యి ఊదుచు కండ్లు తుడుచుకొను తల్లికిని సోకు మసి జాతి ఒక్కటే. మనదేశమున 2016లో బీదకుటుంబముల స్త్రీల పేర గ్యాసు ఇచ్చు ఉజ్జ్వల పథకము మొదలయినది. గ్యాసు తెచ్చుట సగము పని. సిలిండరు నింపుకొను శక్తి లేక కట్టెలకు మరలెడి ఇంటిలో మసి కూడ మరలి వచ్చును.

వంటింటి గ్యాసుపొయ్యి బున్సెన్ బర్నరునకు మనుమరాలు. క్రిందినుండి గాలిని పీల్చి, ముందే కలుపుకొని నీలిమంటగా కాలును. ఆ మంట కొసలు పసుపుబారి గిన్నె అడుగు నల్లబడుచున్నచో గ్యాసు చెడ్డదని తలచవలదు. చాలమారులు గాలి రంధ్రములకు ధూళి, జిడ్డు అడ్డుపడియుండును. పొయ్యి ఆర్పి, చల్లారిన పిదప వాటిని శుభ్రపరచినచో మంట మరల నీలమగును. అప్పటికిని కాకున్నచో తెలిసిన మిస్త్రీకి చూపవలెను. వంటచేయునప్పుడు కిటికీ తెరచియుంచుట ఎప్పుడును మంచిది. కట్టెపొయ్యి తప్పనిచోట ఎండుకట్టెలు వాడి, ఒక్కమారుగా పొయ్యినిండ కుక్కక, నడుమ సందు విడిచి పేర్చినచో పొగ తగ్గును. ఇవి పెద్ద మాటలు కావు. గనిలో చచ్చిన పిల్లలు, పొగగొట్టములో చచ్చిన పిల్లలు, వారిని చూచి ఊరకుండలేక శోధించిన పండితులు కలిసి మనకు విడిచిపోయిన ఆస్తి ఇంతే: మంటకు మనము పెట్టవలసిన తిండి ఇంధనము ఒక్కటే కాదు, గాలి కూడ.